రాతినారయు రాచబాటయు



లక్కయింటి కథ మీలో ఎఱుగనివా రుండరు. వారణావతమున పాండవులకై పురోచనుడు కట్టించిన ఆ యింటిని గూర్చి పురాణము వినునపుడు లక్క, నేయి, నూనె అనునవే మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ సామగ్రిలో శణము, అనగా మన జనుపనార, కూడ కలదు. వీనినెల్ల మట్టితో కలిపి గోడలకు పూయుమని దుర్యోధనుని ఆజ్ఞ. అతని యుద్దేశము ఆ యింటిని తగులబెట్టుటయే కావున ఆ పూత ఎంత గట్టిదో పరీక్షించినవారు లేరు. అయినను జిగురు పదార్థమునకు నారను చేర్చి పూయు పద్ధతి ఆ కథ పుట్టిన నాటికే మనవారికి తెలిసియున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఈనాటి నా ప్రసంగము అట్టి నారను గూర్చియే. అయితే ఇంటిగోడలోని నార కాదు, రోడ్డులోని నార. టెక్కలినుండి నందిగాము, పలాసల మీదుగా ఇచ్ఛాపురము పోవు రాచబాటను మనమందఱము త్రొక్కుచునే యున్నాము. అట్టి బాటలపై పఱచు నల్లని పూతలో నారను కలిపినచో ఏమగునని లోకమున ఎట్లు పరీక్షించిరో, ఆ పరీక్షలో చిరకాలము ఏ ప్రశ్న అడుగక విడిచిరో మనవి చేయదలచితిని.

మొదట మనకు తెలిసినదానితో ఆరంభింతును. నా చిన్నతనమున మా మేనమామగారు మట్టిగోడ పెట్టించుచుండగా చూచితిని. ముందునాడు మట్టిని నానబెట్టి, మఱునాడు వరిగడ్డిని తఱిగి చల్లి, నలుగురు మనుష్యులు మోకాలిలోతు దిగి త్రొక్కువారు. గడ్డి చాలనిచో గోడ యెండగనే బీటలు వాఱును. మితిమీఱినచో ముద్ద కట్టక చేతిలోనే విడిపోవును. ఎంత వేయవలెనని నే నడిగితిని. 'కాలికి తెలియును' అని ఆయన సమాధానము. ఆ కాలికి తెలిసిన దానినే నేడు యంత్రశాలలలో తూచి, వేడిచేసి, విఱిచి కనుగొనుచున్నారు.

ఇక బాట సంగతి. 1936 ఏప్రిలు 1వ తేదీవఱకు మన టెక్కలి, సోంపేట సీమ గంజాము జిల్లాలోనిది. ఒరిస్సా రాష్ట్ర మేర్పడిన ఆ దినమున ఇది విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950 ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా పుట్టెను. జిల్లా పేరులు మూడు మారినను మద్రాసునుండి కలకత్తాకు పోవు బాట మాత్రము మన ముంగిటనే యుండెను. చిరకాలము అది కంకరబాట. స్కాట్లండు దేశస్థుడగు మెకాడము (1756–1836) అను నాతడు చిన్నచిన్న రాళ్లను పొరలు పొరలుగా పఱచి బిగించు పద్ధతిని వ్యాపింపజేసెను. క్రింది నేల పొడిగా నున్నంతకాలము ఎంత బరువునైనను అదియే మోయుననియు, పైపొర దానికి గొడుగు వంటిదనియు అతని సిద్ధాంతము. ఉద్దానపు ఇసుకనేలలో వర్షాకాలమున బండి నడిపినవారికి ఈ మాట వేఱుగ బోధింప నక్కఱలేదు.

ఆ కంకరబాటకు మన యెడ్లబండ్ల ఇనుపకట్టు మేలును చేసెను, కీడును చేసెను. రాతిని నలిపి, ఆ పొడినే సందులలో దిగగొట్టి బాటను బిగించెను. పిమ్మట దానినే గాడులు పడునట్లు కోసెను. మోటారు వచ్చిన తరువాత కథ మాఱెను. వేగముగా పోవు రబ్బరు చక్రము ఆ రాతిపొడిని బిగింపదు సరికదా, సందులనుండి పీల్చి గాలిలో ఎగురగొట్టును. ధూళి పోయినచో రాయి కదలును. కావుననే జిగురు కావలసి వచ్చెను. మన దేశమున బాటల సంగతి విచారించుటకు 1927లో జయకరు గారి అధ్యక్షతన ఒక సంఘ మేర్పడెను. దాని ఫలితముగా 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు అను సంస్థ పుట్టెను. మన రోడ్లకు నేటికిని నియమములు వ్రాయునది ఆ సంస్థయే.

ఇచ్చట ఒక చిన్న మాట. మనము 'తారు' అని వాడుకగా పిలుచునది నిజమునకు తారు కాదు. తారు బొగ్గునుండి వచ్చును. నేడు రోడ్లపై పోయునది ముడినూనెలోనుండి పెట్రోలు, కిరసనాయిలు మొదలగునవి తీసివేయగా అడుగున మిగులు బిటుమెను. విశాఖపట్టణమున 1957లో నెలకొన్న నూనెశుద్ధి కర్మాగారము నుండియు ఇది వచ్చుచున్నది. సంస్కృతమున శిలాజతువను మాట యున్నది. జతు వనగా లక్క. శిలాజతు వనగా రాతిలక్క. మొహంజొదారో మహాస్నానవాటిక గోడలలో నీరు కాఱకుండ పూసినది ఇట్టి పదార్థమే. లక్కయింటికిని రాచబాటకును చుట్టఱిక మున్నదని నేననుట ఇందువలననే.

ఈ రాతిలక్కకు రెండు స్వభావములు కలవు. చలిలో రాయివలె బిఱుసెక్కి పగులును; ఎండలో పాకమువలె మెత్తబడి కదలును. వైశాఖమాసపు మధ్యాహ్నమున, గ్రానైటు దిమ్మెల నెత్తుకొని టెక్కలి గనులనుండి బయలుదేరిన లారీ యొకటి నిలిచి కదలిన చోట రోడ్డును పరికించి చూడుడు. చక్రముల జాడలు రెండు పల్లములుగా నుండును. వాననీరు అందు నిలుచును. నీరు నిలిచిన చోట రాయినుండి జిగురు ఊడును. గుంతకు పుట్టుక అచ్చటనే.

ఈ బాధకు జర్మనీ దేశమున ఒక మందు కనుగొనిరి. అచ్చట శీతకాలమున మంచుపై జాఱకుండ మోటారు చక్రములకు ఇనుపమేకులు దిగగొట్టుకొనువారు. ఆ మేకులు రోడ్డును తినివేయుచుండెను. 1968లో జిక్‌నర్ అను ఇంజనీరు పెద్ద రాళ్లను ఒకదానికొకటి ఆనునట్లు పేర్చి, ఆ సందులను రాతిపొడి కలిపిన చిక్కని జిగురుతో నింపు మిశ్రమమును ప్రచారములోనికి తెచ్చెను. బరువును మోయునది రాతి యెముకలగూడు. దానిని పట్టి యుంచునది ఆ ముద్ద. మామూలు మిశ్రమమున నూటికి సుమారు 5 పాళ్లు బిటుమె నుండగా దీనిలో 6 పాళ్లకు పైబడి యుండును. మేలైన యోజనయే, కాని చిక్కొకటి వచ్చెను. అంత జిగురు వేడిమీద రాళ్లమధ్య నిలువదు. కర్మాగారమునుండి రోడ్డునకు చేరులోపల లారీ అడుగునకు కాఱిపోవును. పైనున్న రాయి పొడిబాఱును, క్రిందిది నూనెమడుగగును.

అరిసెలు వండు తల్లులకు ఈ చిక్కు తెలియును. పాకము పలుచనైనచో పిండిలో నిలువక జాఱును. అందుకు వారు పిండి నెక్కువ చేయుదురు. జర్మనులు నారను చేర్చిరి. సన్నని నార పోగులు లెక్కలేనన్ని ఆ జిగురులో చెదరి, వలవలె అల్లుకొని, దానిని రాళ్లచుట్టును మందముగా నిలువబెట్టును. నార చేయు మొదటి పని ఇదియే. బలము నిచ్చుట రెండవది. నార యనగానే త్రాడువలె లాగి పట్టునని చాలమంది యనుకొందురు. ఆ పని కొంత చేయును గాని, ముఖ్యమైనది జిగురును కాఱనీయకుండుటయే.

ఇది నిజమా కాదా అని తేల్చుటకు పరీక్షలు వచ్చినవి. ఒక కిలో వేడి మిశ్రమమును పాత్రలో పోసి, 170 డిగ్రీల వేడిలో ఒక గంట యుంచి, పాత్రను బోర్లించి, అడుగున అంటుకొని మిగిలిన జిగురును తూచుట ఒకటి. అది నూటికి 0.3 వంతు మించరాదు. రెండవది అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు రహదారిశాఖలో పనిచేసిన బ్రూస్ మార్షల్ 1939 ప్రాంతమున ఏర్పఱచినది. నాలుగంగుళముల వెడల్పు, రెండున్నర అంగుళముల ఎత్తుగల బిళ్లను మిశ్రమముతో చేసి, పదిపౌనుల సుత్తిని పదునెనిమిది అంగుళముల ఎత్తునుండి వదలుచు, భారీ వాహనముల రోడ్లకైనచో ఇరువైపుల డెబ్బదియైదేసి దెబ్బలు కొట్టుదురు. తరువాత 60 డిగ్రీల వేడినీటిలో అరగంట యుంచి, ప్రక్కలనుండి నొక్కి, ఎంత బరువునకు లొంగునో, లొంగులోపల ఎంత నలుగునో చూతురు. అరువది డిగ్రీ లెందుకనగా, మన వేసవిలో నల్లని రోడ్డు అంత వేడి యెక్కును. చెప్పులు లేక నడచిన వారికి కొలమానముతో పనిలేదు.

నాకు నచ్చినది హాంబర్గు నగరపు పరీక్ష. మిశ్రమపు పలకను 50 డిగ్రీల నీటిలో ముంచి, దానిపై ఇనుపచక్రమును ముందునకు వెనుకకు ఇరువదివేల మార్లు నడపి, ఎంత లోతు గాడి పడెనో కొలుతురు. నీటిలో నడచు ఇనుపచక్రము! మా నాయనగారి బండి శ్రావణమాసములో చేసిన పని అదియే. దానికి జీతమిచ్చి లెక్క వ్రాయువారు మాత్రము లేకపోయిరి. ఇవిగాక, నీట నానిన బిళ్లను, నానని బిళ్లను వేఱువేఱుగ చీల్చి, నానినదానికి ఎంత పటిమ మిగిలెనో పోల్చుట యొకటి కలదు. నూటికి 80 వంతులైనను మిగులవలెనని చాలచోట్ల నియమము.

ఇన్నింటివలన తేలినదేమి? మా మేనమామగారి కాలికి తెలిసినదియే తేలినది. నారను కొలది కొలదిగ పెంచుచు పోగా బిళ్ల బలము పెరుగును, కాఱుట తగ్గును, గాడి లోతు తగ్గును; ఒక హద్దు దాటగనే నార ఉండలు కట్టును, రాళ్ల మధ్య గాలిసందులు పెరుగును, బలము మరల దిగును. కఱ్ఱగుజ్జు నారయైనచో మిశ్రమములో నూటికి 0.3 పాలు, రాతినుండి తీసిన నారయైనచో 0.4 పాలు అని అమెరికావారు నిర్ణయించుకొనిరి. అనగా వేయికిలోల మిశ్రమమునకు మూడు నాలుగు కిలోల నార. పెండ్లివంటలో ఇంగువ వంటిది.

ఇంతవఱకు చెప్పినది మేలైన భాగము. ఇక రెండవ భాగము. మొదటిదినములలో ఆ మిశ్రమమున కలిపిన నార యేది? ఆస్‌బెస్టాసు. తెలుగున దీనికి రాతినార యని చక్కని పేరున్నది. గనిలో రాయివలె దొరకును, చేతితో విప్పిన దూదివలె విడును, నిప్పులో కాలదు. మన తెలుగునాట కడప జిల్లా పులివెందుల ప్రాంతమున దీనిని త్రవ్విరి. రోడ్డుపూతలో దీనిని కలుపుట అమెరికాలో 1920 ప్రాంతముననే ఆరంభమయ్యెను. నే నిదివఱకు చెప్పిన పరీక్షలన్నిటిలో ఇది నెగ్గెను. కాఱనీయదు, గాడి పడనీయదు, చవుక. ఇంజనీరులు అడుగవలసిన ప్రశ్నలన్నియు అడిగిరి. ఆ నార సంచిని విప్పి గుండిగలో పోయు కూలివాని ఊపిరిలో ఏమగునని మాత్రము ఆ బల్లమీద ఎవ్వరు నడుగలేదు.

ఈ రాతినార స్వభావ మేమనగా, విఱిచినచో అడ్డముగా విఱుగదు. నిలువుగా చీలి ఇంకను సన్నబడును. కంటి కగపడని ఆ ముండ్లు ఊపిరితిత్తులలో దిగి, కరుగక, అచ్చటనే యుండిపోవును. రోగము వెంటనే రాదు. ఇరువది, ముప్పది, నలువది యేండ్లకు ఆయాసముగానో, పుట్టకురుపుగానో బయటపడును. అప్పటికి ఆ పనివానిని పెట్టుకొన్న యజమాని యుండడు, పని చేసిన స్థలము గుర్తుండదు. ఇట్టి రోగములను గూర్చిన సాక్ష్యములు పేరుకొనిన తరువాత జర్మనీవారు తమ రోడ్ల మిశ్రమమునుండి దీనిని తొలగించి కఱ్ఱగుజ్జు నారను వాడిరి. 1993లో ఆస్‌బెస్టాసునే నిషేధించిరి. మన దేశమున 1986లో దాని గనులకు క్రొత్త కౌలు లిచ్చుట ఆపివేసిరి. 1995 జనవరి 27వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానము, పనివాని ఆరోగ్యము అతని జీవించు హక్కులోని భాగమే యని తీర్పు చెప్పి, ఆస్‌బెస్టాసు పనిలో నున్న ప్రతి మనిషి ఆరోగ్యపు లెక్కను పనిలో చేరిన నాటినుండి 40 ఏండ్లైనను, లేక పని మానిన పిమ్మట 15 ఏండ్లైనను భద్రపఱుపవలెనని యజమానుల నాజ్ఞాపించెను. నలువది యేండ్ల పట్టిక! ఆ తీర్పులో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది ఆ పట్టికయే.

నేడు రోడ్లకు వాడు రాతినార వేఱు. నల్లరాతిని కొలిమిలో కరగించి, పీచుమిఠాయి తీసినట్లు గాలిలో తిప్పి తీసిన పోగు అది. అది అడ్డముగా విఱుగును, నిలువుగా చీలదు. శరీరపు తడిలో క్రమముగా కరగును. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన పుట్టకురుపుల పరిశోధనశాఖ 2001లో దీనిని విచారించి, అనుమానపు వర్గమునుండి తప్పించెను. అయినను సంచి విప్పువాడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలసినదే.

మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ఈ పెద్దరాళ్ల మిశ్రమమునకు 2008లో నియమావళి ప్రకటించెను. అందులోని ముఖ్యపు నార కఱ్ఱగుజ్జుదే. కేరళమున కొచ్చిన్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమువారు కొబ్బరిపీచు, కలబంద జాతి నార, అరటినారలను కలిపి చూచి, 0.3 పాలు చేర్చినపుడు ఫలితము మేలుగా నున్నదనియు, వానిలో కొబ్బరిపీచు మిన్న యనియు కనుగొనిరి. ఈ మాట చదివిన దినమున నేను లేచి మా పెరటిలోని పీచుకుప్పను చూచి వచ్చితిని. విశాఖ బిటుమెను, టెక్కలి రాయి, కవిటి కొబ్బరిపీచు! మూడును నూటయేబది మైళ్లలోపల నున్నవి. పైపూతలో కాకున్నను, బాట క్రింది మట్టిని పట్టియుంచుటకు కొబ్బరిపీచు నేతను పఱచు పద్ధతి వచ్చినది. 2020 మే నెలలో కేంద్రప్రభుత్వము ఏడు రాష్ట్రములలో 1,674 కిలోమీటర్ల గ్రామీణపు రోడ్ల కిట్లు చేయనున్నట్లు ప్రకటించెను. అందు ఆంధ్రప్రదేశమునకు 164, తెలంగాణమునకు 121. మెకాడము గొడుగు క్రింద మనము చాప పఱచుచున్నామన్న మాట.

మంచి రోడ్డు మనకు వేడుక కాదు. ఉద్దానమున మూత్రపిండముల జబ్బు ఎన్ని యిండ్లలో నున్నదో మీకు నేను చెప్పవలెనా? రక్తశుద్ధికై వారమునకు రెండు మూడు మార్లు పలాసకో, సోంపేటకో, టెక్కలికో పోవు మనుష్యుని ఆటోలో కూర్చుండి చూడుడు. ప్రతి గుంతయు అతని ఒంటిలో లెక్కకు వచ్చును. నీరా, ఎండలో పాటా, పురుగుమందా, మఱియొకటియా అని వైద్యులు ఏండ్ల తరబడి వెదకుచున్నారు. ఒక్క కారణమని తేలలేదు. కారణము తెలియని రోగముతో బ్రదుకుచున్న ఊళ్లలో, కారణము బాగుగా తెలిసిన రోగమును చేజేతుల తెచ్చుకొన్నవారిలో నేనును ఒకడను. ఆ సంగతి చెప్పి విరమింతును.

1987లో మా పాఠశాలకు పందిరివంటి షెడ్డు ఒకటి వేసిరి. పైన సిమెంటు రేకులు. ఆ రేకులలోని నార ఈ రాతినారయే. రేకులు కొలతకు పొడుగైనవి. కూలి ఖర్చెందుకని, తొమ్మిదవ తరగతి పిల్లల నైదుగురిని పిలిచి, రంపముతో నేనే కోయించితిని. రెండు దినములు కోసిరి. తెల్లని పొడి వారి తలలమీద, కనుబొమ్మల మీద పడగా, 'అయ్యవారూ, మేము ముసలివాండ్ర మైతిమి' అని నవ్విరి, నేనును నవ్వితిని. మూడేండ్ల క్రిందట ఈ విషయములు చదువుచు ఆ తీర్పులోని పట్టిక సంగతి చూచి, ఒక నోటుపుస్తకము తీసి, ఆ యైదుగురి పేరులు, తండ్రుల పేరులు, ఆ రెండు దినముల తేదీలు వ్రాసితిని. వారి చిరునామాలు సంపాదించి ఉత్తరములు వ్రాసితిని. బీడీ, చుట్ట మానుమనియు, దగ్గు విడువక పట్టినచో వైద్యునితో, చిన్నప్పుడు ఈ రేకులు కోసితినని తప్పక చెప్పుమనియు వ్రాసితిని.

నలుగురు జవాబు పంపిరి. ఐదవవానిది ఇంకను రాలేదు. వారిలో గుజరాతులో పనిచేయుచున్నవాడు మాత్రము ఒక ప్రశ్న అడిగెను: ఆ షెడ్డు ఇంకను ఉన్నదా అని.

లేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలితో మన కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చిన నాడే ఆ రేకులును పగిలి పడిపోయినవి. ఆ ముక్కలను ఏమి చేయవలెనో తోచక, ఊరివారమందఱము కలిసి, మా ఊరినుండి రాచబాటకు పోవు దారిలోని గుంతలలో పోసి, మట్టి కప్పితిమి. ట్రాక్టరులు దానిమీదనే నడచుచున్నవి.